గడ్డ తీయమంటే గర్భసంచి తీస్తున్నారు

"గర్భసంచిలో గడ్డ ఉంది. తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది." స్కానింగ్ కాగితం చేతిలో పెట్టి ఈ మాట చెబితే చాలు, కూలి చేసుకుని బతికే కుటుంబం అప్పుకు బయలుదేరుతుంది. కర్నూలు, కడప పల్లెల్లో దళిత మహిళలకు ఈ మాట కొత్త కాదు. ముప్పై ఏళ్లు దాటీ దాటకముందే గర్భసంచి పోగొట్టుకున్నవాళ్లు ప్రతి వాడలోనూ కనిపిస్తారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్క ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో ఇంత ఎక్కువగా మరే రాష్ట్రంలోనూ లేదు. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. చదువు లేని మహిళల్లో ఈ ఆపరేషన్ ఎక్కువ. చదువుకు దూరంగా ఉంచబడింది ఎవరో మనకు తెలుసు.

ఆ గడ్డ ఎక్కడిది?

"గర్భసంచిలో నీటి బుడగ" అని చెప్పేది చాలాసార్లు గర్భసంచిలో ఉండదు. పక్కనున్న అండాశయం మీద ఉంటుంది. నెలనెలా అండం విడుదలయ్యే క్రమంలో ఏర్పడే ఇలాంటి బుడగలు రెండు మూడు నెలసరుల్లో వాటంతట అవే కరిగిపోతాయి. నెలసరి ఇంకా వస్తున్న వయసులో, 5 సెంటీమీటర్ల లోపు ఉన్న మామూలు నీటి బుడగకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు.

కరగని గడ్డలూ ఉంటాయి. వెంట్రుకలు, కొవ్వు వంటివి నిండిన డెర్మాయిడ్, పాత రక్తం చేరిన చాక్లెట్ సిస్టు అలాంటివి. ఇవి పెరుగుతున్నా, నొప్పి పెడుతున్నా తీయాల్సి రావచ్చు. గర్భసంచి కండలో పెరిగే గట్టి గడ్డను ఫైబ్రాయిడ్ అంటారు. అది వేరే జబ్బు, దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. పీసీఓడీలో కనిపించే చిన్న చిన్న బుడగలకు మందులు, ఆహారం, బరువు తగ్గడమే మొదటి వైద్యం.

అయితే ఒక జాగ్రత్త. ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒకవైపు భరించలేని నొప్పి, వాంతులు, కళ్లు తిరగడం వస్తే గడ్డ వల్ల అండాశయం మెలిపడి ఉండొచ్చు. లేదా గడ్డ పగిలి ఉండొచ్చు. అప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు.

చిన్న రంధ్రాల ఆపరేషన్

తీయాల్సిన గడ్డ అయితే ఈ రోజుల్లో పొట్ట కోయకుండా లాపరోస్కోపీతో తీయవచ్చు. మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు రంధ్రం చేసి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పొట్టను ఉబ్బిస్తారు. కెమెరా లోపలికి పంపి తెర మీద చూస్తూ, మరో రెండు మూడు చిన్న రంధ్రాల నుంచి పరికరాలతో గడ్డను మాత్రమే ఒలిచి తీస్తారు. అండాశయం మిగులుతుంది, గర్భసంచి జోలికే పోరు. ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తారు. గర్భసంచి లోపలి పొరలో పెరిగే పిలకల్ని తీయడానికైతే హిస్టరోస్కోపీ ఉంది. దానికి పొట్ట మీద రంధ్రం కూడా అవసరం లేదు.

ఇందులోనూ ప్రమాదాలున్నాయి. పేగుకో, మూత్రసంచికో, రక్తనాళానికో దెబ్బ తగలవచ్చు. మధ్యలో పొట్ట కోయాల్సి రావచ్చు. క్యాన్సర్ అనుమానం ఉంటే పద్ధతే మారుతుంది. అందుకే శిక్షణ ఉన్న సర్జన్, మత్తు డాక్టరు ఉన్నచోటే చేయించుకోవాలి.

ఇక్కడే ఒక మోసానికి చోటుంది. లాపరోస్కోపీతో గడ్డను తీయవచ్చు, మొత్తం గర్భసంచినీ తీయవచ్చు. "చిన్న రంధ్రమే, కుట్లు కూడా కనపడవు" అనే మాట వింటే పోయేది కూడా చిన్నదే అనిపిస్తుంది. కాబట్టి కోత ఎంత అని కాదు, లోపలి నుంచి ఏం తీస్తారు అని అడగాలి. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే ముప్పై ఏళ్ల మనిషికి రాత్రికి రాత్రే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒంట్లో మంటలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా అవి ముందుగానే పనిచేయడం మానేసే అవకాశం ఎక్కువ. ఒళ్లు వంచి కూలి చేస్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో దీని అర్థం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మన సీమలో ఎందుకిలా?

మన రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. అందులోనూ చాలామందికి పాతికేళ్ల లోపే అయిపోతుంది. "పిల్లలు చాలు కదా, ఇక గర్భసంచితో పనేముంది?" అనే మాట అక్కడ పుడుతుంది. గర్భసంచిని కాన్పుల కోసం మాత్రమే ఉన్న సంచిగా చూసే చూపు అది.

రెండోది సుగ్గి. వానలు లేక ఆలూరు, ఆస్పరి, కోసిగి, పత్తికొండ వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప తోటలకు వలసపోతాయి. నీళ్లు, మరుగుదొడ్డి లేని గుడారాల్లో నెలసరి అంటే నరకం. తెల్లబట్ట, అధిక రక్తస్రావం ఉన్నా పని ఆపితే కూలి పోతుంది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కోత కూలీ మహిళల గర్భసంచులు వేలల్లో తీసేసిన సంగతి 2019లో బయటపడింది. కారణాలు ఇక్కడి లాంటివే.

మూడోది డబ్బు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ప్రైవేటు ఆసుపత్రుల్లో అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న విమర్శ గట్టిగా వచ్చింది. 2009లో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లాలో చేసిన అధ్యయనం ఈ సమస్యను చర్చకు పెట్టింది. తర్వాత ప్రభుత్వం పథకం కింద ఈ ఆపరేషన్‌ను సర్కారు ఆసుపత్రులకు పరిమితం చేసింది. కానీ చేతి నుంచి డబ్బు కట్టి చేయించుకునే ఆపరేషన్లను అది ఆపలేదు.

చట్టం ఏం చెబుతోంది?

2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. లాపరోస్కోపీతో పరీక్ష చేయడానికి ఒప్పుకున్న ఢిల్లీ మహిళకు మత్తులో ఉండగానే, తల్లి సంతకం తీసుకుని, గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసు అది. పరీక్షకు ఇచ్చిన అనుమతి అవయవం తీయడానికి అనుమతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె మెలకువలోకి వచ్చేదాకా ఆగాల్సిందేనని కోర్టు చెప్పింది. భర్తో, అత్తో, అమ్మో పెట్టే సంతకం ఆమె సంతకం కాదు.

డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న మరో తీర్పు వచ్చింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అట్టడుగు వర్గాల మహిళల గర్భసంచులు అక్కర లేకుండా తీశారన్నది ఆ వ్యాజ్యం. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయి నుంచే పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ఎవరికి, ఏ వయసులో తీశారో లెక్కలు సేకరించాలి.

అడగాల్సినవి, చేయాల్సినవి

ఆపరేషన్ అన్న వెంటనే తలూపకుండా ఇవి అడగమని మన అక్కాచెల్లెళ్లకు చెబుదాం: గడ్డ ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లు? మూడు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేస్తే ఏమవుతుంది? మందులతో తగ్గదా? గడ్డ ఒక్కటే తీయలేరా? క్యాన్సర్ అంటే ఏ పరీక్షలో తేలింది? అండాశయాలు ఉంచుతారా?

రెండో మాట కోసం కర్నూలు సర్వజన ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో తోడు వెళ్దాం. పథకం వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గానీ 104ను గానీ అడగొచ్చు. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. తీసిన భాగం బయాప్సీ నివేదిక కూడా తీసుకోవాలి. అన్యాయం జరిగితే జిల్లా వైద్యాధికారికి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు ఉంది.

విద్యార్థులు చేయదగ్గ పని ఒకటుంది. జిల్లాలో పర్యవేక్షణ కమిటీ ఎప్పుడు వేశారు, ఎన్నిసార్లు కూర్చుంది, నలభై ఏళ్ల లోపు వాళ్లకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయి, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎందరు? సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు చాలు. లెక్క లేదని జవాబు వస్తే, ఆ జవాబు పట్టుకునే కలెక్టరేట్ ముందు నిలబడదాం.