పెరటి వేధశాల – వాననీటి సమస్య

నక్షత్రాలను చూడదలచినవానికి పైకప్పు అడ్డము. కాని వాన కురిసినప్పుడు పైకప్పు లేనిదే దూరదర్శినికి రక్షణ లేదు. అందువలన వేధశాలకు తెరుచుకొనునట్టిదీ, ఏ దిక్కుకైనా తిరుగునట్టిదీ అయిన కప్పు కావలెను. కదిలే కప్పుకు సందులు తప్పవు. నీరు దిగేది ఆ సందులలోనే.

విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తమ నివాసస్థలంలోనే వేధశాలను నెలకొల్పినారు. వారు జమీందారులు. మరి కొద్దిపాటి రాబడి గల ఔత్సాహికుని సంగతి ఏమిటి? ఇంగ్లండులో ఒక మతాచార్యుడు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినాడు.

ఆయన రామ్సే పట్టణానికి చెందిన ఎడ్వర్డ్ లియాన్ బెర్తన్ (1813–1899). 1850లో స్కాట్లండు తీరాన ‘ఓరియన్’ అనే ఆవిరి ఓడ మునిగి పలువురు మరణించగా, ఓడపై మడిచి ఉంచదగిన గుడ్డపడవను ఆయన రూపొందించినాడు. నౌకాశాఖవారు మొదట దానిని అంగీకరించలేదు. 1873 తరువాతనే అది ఆదరణ పొందినది. ఈలోగా, 1871లో, ‘ఇంగ్లీష్ మెకానిక్’ పత్రిక ద్వారా ఆయన ‘రామ్సే వేధశాల’ లోకానికి తెలిసినది. కర్రతో చట్రము, శంకువు ఆకారంలో తిరిగే కప్పు, దానిపై రంగు పూసిన గుడ్డ – ఇంతే దాని సామగ్రి. పడవలో నీటిని క్రిందినుండి ఆపిన ఉపాయమే ఇక్కడ పైనుండి ఆపినది. బిగించిన గుడ్డకు అతుకులు తక్కువ. వాలుగా ఉన్న కప్పుపై నీరు నిలువదు.

ఇక కప్పుకూ గోడకూ మధ్య సందు మాటేమిటి? దానిని బాగా బిగిస్తే చాలునని తోచవచ్చును. అది పొరపాటు. రెండు గాజు పలకలను దగ్గరగా చేర్చి, వాటి అంచులను నీటిలో ముంచి చూడండి: నీరు మధ్యకు ఎగబ్రాకుతుంది. ఇదే కేశనాళికా చర్య. సన్నని సందు నీటిని ఆపదు సరిగదా, లోనికి పీల్చుకొంటుంది. పైగా గాలి ఆడని గదిలో చెమ్మ చేరి, కటకాలకు బూజు పట్టవచ్చును.

కాబట్టి సందును మూయుటకంటె కప్పివేయుట మేలు. కప్పు అంచు మన ఇండ్ల చూరువలె గోడను దాటి క్రిందికి దిగవలెను. ఈదురుగాలి చినుకులను పైకి ఎగదోస్తుంది గనుక ఆ అంచు మరికొంత పొడవుండుట మంచిది. చూచే ద్వారం చుట్టూ గట్టు కట్టి, దానిపై కుండమీది మూతవలె తలుపు దిగవలెను. అంచు అడుగున చిన్న గాడి తీస్తే, ప్రాకివచ్చే నీరు అక్కడనే బొట్లుగా రాలిపోతుంది.

పెంకుటిల్లు నేసే పనివానికి ఈ సూత్రం క్రొత్త కాదు. పై పెంకు క్రింది పెంకును కప్పవలెనని అతడెరుగును. నక్షత్రాలను చూచే గదికీ ఆ నేర్పే అక్కరకు వచ్చినది.