పెయింట్ రిమూవర్‌తో జాగ్రత్త: పెయింటర్లు, పాలిష్ పనివాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

పాత తలుపులు, ఇనుప గేట్లు, బండ్ల మీది రంగు తీయడానికి పెయింట్ రిమూవర్ వాడతారు. పూసిన కాసేపటికి రంగు పొంగి, గీకితే ఊడొస్తుంది. ఈ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది మిథిలీన్ క్లోరైడ్. దీన్నే డైక్లోరోమీథేన్ అని కూడా అంటారు.

ఎందుకు ప్రమాదం?

ఇది దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. కల్వకుర్తిలో ఎండాకాలం రేకుల షెడ్డులో ఆ వేడి మామూలే. దీని ఆవిరి గాలి కంటే సుమారు 3 రెట్లు బరువు. అందుకే బాత్‌రూంలో, సంపులో, మూసిన గదిలో కిందనే నిలిచిపోతుంది. ఎక్కువగా పీలిస్తే స్పృహ తప్పి, ఊపిరి ఆగిపోవచ్చు. ఒంట్లోకి పోయినదాంట్లో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. పని ఆపాక కూడా కొన్ని గంటలు ఇది సాగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా ముప్పు.

అమెరికాలో 2000-2011 మధ్య బాత్‌టబ్‌ల రంగు తీస్తూ కనీసం 13 మంది పనివాళ్లు చనిపోయారు. అక్కడ 2019లో ఇళ్లల్లో వాడేవాళ్లకు ఈ రిమూవర్ల అమ్మకాన్ని, 2024లో మిగతా చాలా వాడకాలను నిషేధించారు.

ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

• కొనేముందు డబ్బా మీద పేర్లు చదవండి. ఈ ద్రావకం ఉంటే వద్దనండి. తడిపి ఎమ్రీ పేపర్‌తో రుద్దడం నిదానమైన పనే, కానీ ప్రాణానికి భద్రం.
• వాడక తప్పకపోతే బయట, గాలి వచ్చే చోటనే వాడండి. ఒంటరిగా చేయొద్దు.
• గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపవు. మామూలు రబ్బరు గ్లౌజుల్లోంచి కూడా ఇది త్వరగా లోపలికి దిగుతుంది.
• దగ్గర్లో బీడీ, వెల్డింగ్ మంట ఉండొద్దు. వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు.
• పిల్లల్ని, గర్భిణులను దూరంగా ఉంచండి.

రంజాన్ ముందు, ఆ నెలలో ఇళ్లకు రంగుల పని ఎక్కువ. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే రోజా నీరసం అనుకుని పని సాగించొద్దు. వెంటనే బయటికి రండి.

ఎవరైనా లోపల పడిపోతే ఆదరాబాదరాగా దూరొద్దు, కాపాడబోయినవాళ్లూ పడిపోవచ్చు. తలుపులు, కిటికీలు తెరిచి, నలుగురిని పిలిచి, 108కి ఫోన్ చేయండి. ఆ డబ్బాను ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.