వీరేశలింగము పంతులుగారి గ్రంథములు – పాఠకుల తీర్పులు

గ్రంథకర్త యొక్కడే యైనను అతని గ్రంథములు పలువిధములుగా నుండవచ్చును. గ్రంథములు కొన్నియే యైనను వానిని చదివినవారి యభిప్రాయములకు లెక్క యుండదు. ఒక పుస్తకమును తలపై బెట్టుకొన్నవాడే అదే కర్త వ్రాసిన మఱియొక పుస్తకమును నేలపై విసరికొట్టుట లోకమున నున్నదే. ఆంధ్రదేశమున నిందులకు కందుకూరి వీరేశలింగము పంతులుగారి గ్రంథములకంటె మంచి నిదర్శనము దొరకుట కష్టము. ఆయన 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించి, 1919వ సంవత్సరము మే 27వ తేదీన చెన్నపురిలో కాలధర్మము నొందిరి. ఈ డెబ్బదియొక్క సంవత్సరముల కాలములో ఆయన చేతిమీదుగా వెలువడిన గ్రంథములు చిన్నవియు పెద్దవియు గలిసి 130కి పైబడినవి. అందు పద్యకావ్యములు, నవలలు, నాటకములు, ప్రహసనములు, కవుల చరిత్రములు, శాస్త్రగ్రంథములు, వ్యాకరణము, స్వీయచరిత్రము మొదలైనవన్నియు గలవు. ఈ గ్రంథములను ఆంధ్రులు ఎట్లు చదివిరి, ఏల మెచ్చిరి, ఏల దూషించిరి అను విషయము తెలిసికొనుట గ్రంథాలయములకు వచ్చువారికి మిక్కిలి యుపయోగకరము.

పంతులుగారు తొలుత పండితుల మెప్పుకొఱకే వ్రాసిరి. యౌవనమున రచించిన శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము ఇందులకు సాక్ష్యము. పెదవులు తగిలి పలుకవలసిన అక్షరములు లేకుండ, సంస్కృతపదములు చేరకుండ, నడుమ వచనము లేకుండ నలుని కథను నడపుట సామాన్యమైన పని కాదు. ఆ కాలపు పండితులకు ఇట్టి కృతి కర్త యొక్క శక్తిని కొలుచు త్రాసువంటిది. కాని శక్తిని జూచి యాశ్చర్యపడుట వేఱు, కథను జదివి యానందించుట వేఱు. ఈ కావ్యమును పేర్కొనువారు అనేకులుండిరి గాని, చేతబట్టి చివరివఱకు చదివినవారు కొందఱే. తరువాత పంతులుగారే ఆ మార్గమును విడిచిపెట్టిరి. కనుక ఈ మొదటి తీర్పులో పాఠకులును గ్రంథకర్తయు ఏకీభవించిరని చెప్పవచ్చును.

అటుపిమ్మట వచనమునకు వచ్చిన తోడనే వివాదములు మొదలైనవి. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికయందు మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే యుండెను. మిగిలిన సంధి విగ్రహములను పూరింప పంతులుగారు పూనిరి. అదే కాలమున కొక్కొండ వేంకటరత్నము పంతులుగారును విగ్రహతంత్రమును రచించిరి. ఎవరి వచనము సూరిగారి వచనమునకు దీటు వచ్చునని చదువరులలో చర్చ పుట్టినది. కొక్కొండవారు ఆంధ్రభాషాసంజీవని యను పత్రికను నడుపుచుండగా, వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. స్త్రీవిద్య కూడునని ఒక పత్రికయు, కూడదని ఒక పత్రికయు వాదించెను. కడకు కొక్కొండవారు హాస్యవర్ధని యనియు, వీరేశలింగముగారు హాస్యసంజీవని యనియు, ఒకరి పత్రిక పేరును మఱియొకరు వెక్కిరించుచు హాస్యపత్రికలను గూడ వెలువరించిరి. ఈ కలహమువలన ఎవరు గెలిచిరను మాట యటుంచి, తెలుగు చదువరికి మాత్రము లాభము కలిగినది. ఒక పుస్తకమును గూర్చి రెండు పక్షములు వాదింపవచ్చుననియు, ఆ వాదము అచ్చులో జరుగవచ్చుననియు అతడు నేర్చుకొన్నాడు.

రాజశేఖర చరిత్రము వచ్చినపుడు ఈ నేర్పు మఱింత యక్కఱకు వచ్చినది. 1878లో వివేకవర్ధనిలో వెలువడనారంభించిన యీ కథయందు ధవళగిరి నివాసియైన రాజశేఖరుడు ముఖస్తుతులకు లొంగియు, బంగారము చేసి పెట్టెదనని వచ్చిన బైరాగిని నమ్మియు ఉన్న సిరిని పోగొట్టుకొనును. జాతకములు, శకునములు, దయ్యములు, భూతవైద్యులు, మూఢభక్తి మొదలైనవన్నియు నందు నడచివచ్చును. ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు అను కథను పంతులుగారు మొదట తెనిగింపదలచి, పిదప దానిని మాని, ఆ ఛాయలను గొన్నింటిని గ్రహించి తమ గోదావరీతీరపు కథగా వ్రాసిరి.

దీనినిగూర్చి పుట్టిన యభిప్రాయములు ముఖ్యముగా మూడు. మన యింటి వసారాలో జరుగు సంభాషణమే అచ్చుపడినట్లున్నదని సంతోషించినవారు కొందఱు. ఇది పరదేశపు సొత్తునకు మన ముద్ర వేసినదే యని ఆక్షేపించినవారు కొందఱు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు వివేకచంద్రికా విమర్శనము అను పేర దీనిని విపులముగా విమర్శించిరి. ఇక మూడవ పక్షము వారిది మొదటి నవల ఏది యను తగవు. నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము 1872లోనే వెలువడియుండగా, రాజశేఖర చరిత్రమునకు అగ్రతాంబూల మెట్లు చెల్లునని వీరి ప్రశ్న. ముందు పుట్టినది శ్రీరంగరాజ చరిత్రమే; ఎక్కువమంది చేతులలో పడి, తరువాతి నవలలకు దారి చూపినది రాజశేఖర చరిత్రము. ఈ రెండు మాటలును ఒకదాని నొకటి కొట్టివేయవు. ఇంతలో హచిన్సన్ అను ఆంగ్లేయుడు దీనిని తన భాషలోనికి మార్చగా 1887లో ఆంగ్లానువాదము ప్రకటితమైనది. ఇంగ్లీషునుండి ఎత్తుకొన్నదని నింద మోసిన కథను ఇంగ్లీషువారే తెలుగునుండి తీసికొనుట గమనింపదగిన విషయము.

స్త్రీలకొఱకు వ్రాసిన పుస్తకముల తీర్పు మఱియొక విధముగా నున్నది. 1883లో పంతులుగారు సతీహితబోధిని యను పత్రికను స్థాపించిరి. సత్యవతీ చరిత్రము, చంద్రమతీ చరిత్రము మున్నగునవి ఆ ప్రాంతముననే రచింపబడినవి. వీనియందు కథ పలుచన, నీతి చిక్కన అని తరువాతి విమర్శకులు తేల్చిరి. ఈ మాట అసత్యము కాదు. కాని గ్రంథమును తూచునపుడు అది ఎవరి కొఱకు వ్రాయబడినదో ఆ చదువరిని గూడ త్రాసులో నుంచవలెను. అక్షరములు నేర్చిన యాడుబిడ్డ చేతికి ఇచ్చుటకు తగిన వచన గ్రంథములు మిక్కిలి కొఱతగా నున్న దినములవి. ఆ బిడ్డకు శైలి సౌందర్యముకంటె ముందుగా, తనవంటి యొక యిల్లాలు చదువుకొని సంసారమును దిద్దుకొన్నదను వార్త కావలసియుండెను. ఒక తరము గడచునప్పటికి స్త్రీలే గ్రంథరచనకు పూనిరి. భండారు అచ్చమాంబగారి అబలా సచ్చరిత్ర రత్నమాల 1901లో వెలువడినది. పాఠకురాలు గ్రంథకర్త్రి యగుటకంటె పుస్తకములకు వేఱు ఫలమేమి కావలెను?

ప్రహసనముల విషయమున జనుల తీర్పు పేర్లలోనే కనబడును. ముసలివానికి పసిబాలను కట్టబెట్టుటను నవ్వులపాలు చేసిన కృతికి పంతులుగారు పెట్టిన పేరు బ్రహ్మవివాహము. లోకమున ప్రసిద్ధికెక్కిన పేరు పెద్దయ్యగారి పెండ్లి. న్యాయస్థానములలోని అక్రమములను బయటపెట్టిన దానికి ఆయన పెట్టిన పేరు వ్యవహారధర్మబోధిని. జనులకు తెలిసిన పేరు ప్లీడరు నాటకము. తమకు నచ్చిన వస్తువునకే గదా జనులు ముద్దుపేరు పెట్టుదురు! గంభీరమైన వచనమును గ్రాంథికముననే వ్రాసిన పంతులుగారు, ప్రహసనములలో మాత్రము పాత్రలను వారి వారి వాడుకమాటలతోనే మాటలాడనిచ్చిరి. అందుచేతనే అవి తేలికగా జనుల నోట నాడినవి.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆనాటినుండి గ్రంథములపై తీర్పులలో గ్రంథకర్తపై తీర్పు కలిసిపోయినది. ఆయనకును ఆయన పక్షము వారికిని బహిష్కార బాధలు తప్పలేదు. వివాహమును వ్యతిరేకించినవానికి ఆయన వ్రాసిన ప్రతి పంక్తియు దోషముగానే తోచెను. వివాహమును సమర్థించినవానికి ప్రతి పంక్తియు వేదముగానే తోచెను. ఇవి రెండును చదువరి చేయదగిన పనులు కావు. కాని ఇచ్చటనే యొక చిత్రము గలదు. ఆయన యాచారమును ఒప్పనివారును కాళిదాసు శాకుంతలమునకు ఆయన చేసిన తెలుగును ఆదరించిరి. తెలుగు కవినిగూర్చి యేదైన సంశయము కలిగినపుడు ఆయన కవుల చరిత్రమును చూడకుండ మాటలాడలేకపోయిరి. ఊరు మనుష్యుని వెలివేయగలదు గాని, అక్కఱపడిన పుస్తకమును వెలివేయుట దాని తరము గాదు.

ఆంధ్రకవుల చరిత్రమునకు ముందు గురజాడ శ్రీరామమూర్తిగారి కవిజీవితములు గలవు. పంతులుగారు జనశ్రుతులను మాత్రమే నమ్మక, గ్రంథముల అవతారికలను, శాసనములను గూర్చుకొని కవుల కాలములను నిర్ణయింప యత్నించిరి. ఇట్టి గ్రంథమునకు మెప్పుకంటె ఆక్షేపణమే హితము చేయును. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవమును ప్రకటించి, ఈ కవి నన్నయకంటె పూర్వుడని చెప్పగా పండితలోకము కలగిపోయినది. పంతులుగారు ఆ మతమును అంగీకరింపలేదు. కాని లక్ష్యపెట్టక విడువనులేదు. వృద్ధాప్యములో తమ గ్రంథమును మరల సంస్కరించి, క్రొత్త కవులను చేర్చి, ప్రతివాదములను విచారించిరి. పాఠకుని యభిప్రాయము గ్రంథమును బాగుచేసిన సందర్భమిది. కరణము లెక్కలో తప్పు పట్టిన రైతు కరణమునకు శత్రువు గాడు.

పంతులుగారి గ్రంథములలో కొన్నింటికి కాలమే ప్రతికూలమైన తీర్పు చెప్పినది. జంతువులను గూర్చియు, శరీరమును గూర్చియు, జ్యోతిశ్శాస్త్రమును గూర్చియు ఆయన వ్రాసిన సంగ్రహములు ఇప్పటి విద్యార్థికి చాలవు. శాస్త్రము పెరిగినకొలది శాస్త్రగ్రంథము చిన్నదగుట సహజమే. అయినను కొత్త విషయములను తెలుగులో చెప్పవచ్చునను ధైర్యము అట్టి పుస్తకముల వలననే కలిగినది. మఱికొన్నింటికి కాలము అనుకూలించినది. స్విఫ్టు అను ఆంగ్లరచయిత యొక్క గలివరు ప్రయాణములను ఆదర్శముగా గొని వ్రాసిన సత్యరాజా పూర్వదేశ యాత్రలలో ఆడుమళయాళము అను దేశము వర్ణింపబడినది. ఇచ్చట స్త్రీలపై నున్న నిర్బంధములన్నియు అచ్చట పురుషులపై నుండును. ఆనాడు వినోదముగా చదివిన యీ పుస్తకమును నేటివారు మఱింత శ్రద్ధతో చదువుచున్నారు. వేయి ఉపన్యాసములు చేయలేని పనిని ఒక్క తలక్రిందుల చిత్రము చేసినది.

1911లోను 1915లోను రెండు భాగములుగా వెలువడిన స్వీయచరిత్రము మిగిలిన గ్రంథములన్నింటికి వ్యాఖ్యానము వంటిది. ఏ పుస్తకమును ఏల వ్రాసిరో, ఎవరితో పోరుచు వ్రాసిరో అందు దెలియును. తన కథను తానే చెప్పుకొన్నవానిని పూర్తిగా నమ్మరాదనువాడు నమ్మకుండనే చదువవచ్చును. కాని చదువకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు.

తుదకు భాష విషయమునను ఆయన అనేకుల యంచనాలను తాఱుమాఱు చేసిరి. గ్రాంథికమున వ్రాసి, వ్యాకరణమును రచించినవాడగుటచే ఆయన తమవాడేయని గ్రాంథికవాదులు తలచియుండిరి. అట్టి పంతులుగారు గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షమునకు మొగ్గి, 1919లో, మరణమునకు కొలది నెలల ముందు, వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. డెబ్బదియేండ్ల వయస్సున గ్రంథకర్తయే తన యభిప్రాయమును మార్చుకొనగా, పాఠకుడు ఇరువదేండ్లనాడు ఏర్పఱచుకొన్న యభిప్రాయమునే పట్టుకొని కూర్చుండవలసిన పని లేదు.

ఈ చరిత్రమంతయు గ్రామ గ్రంథాలయములకు ఒక పనిని చెప్పుచున్నది. 1914వ సంవత్సరము ఏప్రిల్ నెలలో బెజవాడయందు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మొదటి సభ జరిగినది. రాజమహేంద్రవరమున పంతులుగారికి మిత్రులై మెలగిన చిలకమర్తివారే ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు తొలి సభాపతి యగుట కేవలము కాకతాళీయము గాదు. పుస్తకములకొఱకు పోరాడిన తరమే పుస్తకములకు ఇండ్లు కట్టించినది.

అట్టి యింటిలో రాజశేఖర చరిత్రమును దాని విమర్శనమును ఒకే బీరువాలో నుంచవలెను. పెద్దలకు నచ్చని పుస్తకమని అట్టడుగున దాచుటయు, పిల్లలకు తెలియని పుస్తకమని ఎత్తున పెట్టుటయు గూడదు. ఒక పుస్తకము చదివి కర్తను మెచ్చినవారు అతని రెండవ పుస్తకమును గూడ అడిగి తీసికొనవలెను. ఒక పుస్తకము చదివి కర్తను రోసినవారు తప్పక తీసికొనవలెను. ఇరువదియైదు సంవత్సరములు నిలిచిన గ్రంథాలయమునకు సభ్యులు చెల్లింపదగిన చందా రొక్కముతోనే తీరదు. చదివి, తమకు తోచినదానిని నలుగురిలో నిర్భయముగా చెప్పి, ఎదుటివాని మాటను తుదివఱకు వినుటయు ఆ చందాలోనిదే.