నుక్తా నుంచి నవ్వుమొహం దాకా

ఉర్దూలో నుక్తా పైన పెడితే ఖుదా, కింద పెడితే జుదా. అరబీలో జేర్, జబర్ మారినా అంతే, మానీ మారిపోతుంది. అరబీ మాదరీ జబాన్ కానివాళ్లు ఇస్లాంలోకి వస్తున్న జమానాలో, తిలావత్ తప్పకుండా ఉండాలని బస్రాలో అబుల్ అస్వద్ దువలీ అక్షరాలకు రంగు చుక్కలు పెట్టాడని రివాయత్. వాటికి ఇప్పటి జబర్, జేర్, పేష్ రూపం ఇచ్చింది ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అంటారు.

కంప్యూటర్ ఖత్‌లకూ ఇలాంటి ముసీబతే వచ్చింది. హర్ఫులున్నాయి, లహజా లేదు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో, ఓ లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో మజాక్‌గా రాస్తే కొందరు నిజమే అనుకున్నారు. సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఒక తర్‌కీబ్ చెప్పాడు: మజాక్ అయితే పక్కన :-) పెట్టండి, కాకపోతే :-( పెట్టండి. అక్కణ్ణుంచి ఆ గుర్తులు ఈమెయిళ్లలోకి పాకాయి. 2017లో హిజాబ్ కట్టిన అమ్మాయి బొమ్మ కూడా యూనికోడ్‌లో చేరింది.

దుబాయి నుంచి బేటా ఉత్త ‘సరే’ అని రాస్తే, అది గుస్సానో ఖుషీనో ఇక్కడ అమ్మీకి ఎలా తెలుస్తుంది? పక్కన చిన్న నవ్వు పెడితే ఆ రాత్రి ఆమె ఫికర్ లేకుండా పడుకుంటుంది.