బీభత్స వీరుని నకలు

మన ఆలంకారికులు నవరసములలో బీభత్సమునకు గూడ పీట వేసిరి. జుగుప్స దానికి స్థాయిభావము. అయినను చీమిడియు, త్రేనుపును ఒక వీరునకు ఆయుధములు కాగలవని వారు ఊహించియుండరు. అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థ 1994లో సెగా జెనెసిస్ యంత్రమునకై వెలువరించిన ‘బూగర్‌మాన్’ అను వీడియో ఆటలో జరిగినది ఇదియే. స్నాటీ రాగ్స్‌డేల్ అను ధనికుడు మరుగుదొడ్డి మార్గమున ఒక మలినలోకమునకు దిగి, ఎదురైన శత్రువులపై ముక్కులోని సరకు విసరుచు ముందునకు సాగును. మరుసటి సంవత్సరము ఈ ఆట సూపర్ నింటెండోకును వచ్చెను. నేటి ప్రసంగము దీని అనధికారపు నకలును గూర్చినది.

నింటెండో 1983లో జపానులో ఫామికామ్ అను యంత్రమును అమ్మసాగెను. దానికి తాళము లేదు. అమెరికాకు పంపిన రూపములో మాత్రము, అనుమతి లేని ఆటపేటికను అడ్డగించు చిన్న చిప్పు నమర్చిరి. తలుపు తెరచియున్న యింట ఎవరు దూరరు? తైవాను కర్మాగారములు ఫామికామ్‌కు ఆటలనే గాక, ఆ యంత్రమునకే నకళ్ళను చేసి చౌకగా అమ్మినవి. 1992లో రష్యాలో ‘డెండీ’ పేర వెలసినది అట్టిదే. 1990లలో మన ఊళ్ళలో పిల్లలు టీవీకి తగిలించి ఆడిన పెట్టెలు చాలవరకు ఆ జాతివే.

ఆ యంత్రమునకు ‘బూగర్‌మాన్ 2’ అను ఆట వచ్చెను. ఇంటర్‌ప్లే వారు రెండవ భాగమును చేయనేలేదు! మొదటి ఆటనే కుదించి, పేరునకు రెండంకె తగిలించిరి. ఇది చౌర్యమే; సందేహము లేదు. అనుమతియే లేనపుడు అసలువారికి చిల్లిగవ్వ ముట్టుట యెక్కడ?

కాని ఈ చౌర్యము సులభమైనది గాదు. జెనెసిస్‌ది 16 బిట్ల యంత్రము. పని చేయు జ్ఞాపకము 64 కిలోబైట్లు. ఫామికామ్‌ది 8 బిట్లు, 2 కిలోబైట్లు. అచట తెరపై ఒకేసారి 60కి పైగా రంగులు, ఇచట 25. అంతేగాదు, ఫామికామ్ ఒక్క అడ్డగీతపై ఎనిమిది కదలు తునకలను మాత్రమే చూపగలదు, తొమ్మిదవది మాయమగును. ఒక్కొక్క తునక వెడల్పు ఎనిమిది చుక్కలే. ఇక స్థూలకాయుడైన నాయకుడును, శత్రువును, నడుమ ఎగురు చీమిడియు ఒకే వరుసకు వచ్చినచో గీయువాని పాట్లు ఊహించుకొనుడు. రెండు యంత్రముల భాషలు వేరగుటచే మూలమును ఎత్తి వ్రాసికొను వీలును లేదు. బొమ్మలను తిరిగి గీయవలెను. గెంతులను కంటితో చూచి లెక్కగట్టవలెను. సంగీతమును కొద్దిపాటి స్వరములలోనికి దింపవలెను. చీమిడి కొరకు ఇంత శ్రమయా యని శ్రోతలు నవ్వవచ్చును. నేనును నవ్వితిని. కాని ఆ పని చేసిన చేతులు నేర్పుగల చేతులే యని ఒప్పుకొనక తప్పలేదు.

అసలు ఆటను సృజించినవారు 2013లో క్రొత్త ఆట కొరకు ప్రజల చందాలు కోరిరి. కావలసినంత సొమ్ము సమకూరలేదు. ఆ రెండంకె దొంగపేటిక మీదనే మిగిలెను.