టోబా కూలింది, బూడిద మన లోయలో మిగిలింది

ఓర్వకల్లు రాళ్లవనంలో తిరిగేవాళ్లకు తరచూ వచ్చే సందేహం: ఇక్కడెప్పుడైనా అగ్నిపర్వతం పేలిందా? ఆ రాళ్లు కోట్ల ఏళ్ల నాటివి, వాటి పుట్టుక వేరే కథ. అయితే ఎక్కడో సముద్రం అవతల ఒక కొండ చచ్చిపోతే, దాని బూడిద మాత్రం ఈ సీమకు వచ్చి చేరింది.

ఆ కొండ పేరు టోబా. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, మనకు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరం. దానికి చావు ఉన్నట్టుండి రాలేదు. దాదాపు 12 లక్షల ఏళ్ల కిందట ఒకసారి, 8 లక్షల 40 వేల ఏళ్ల కిందట ఒకసారి, 5 లక్షల ఏళ్ల కిందట మరోసారి పేలింది. ప్రతిసారీ బతికి బట్టకట్టింది. కానీ అడుగున శిలాద్రవం చేరడం ఆగలేదు. హవాయి దీవుల్లో ఏరులా పారే పలుచని లావా కాదది. సిలికా ఎక్కువై, చిక్కగా, జిగటగా, లోపలి వాయువును బయటికి వదలనిది. ఆ బిగువు ఎంతకాలం ఆగుతుంది?

సుమారు 74 వేల ఏళ్ల కిందట తెగింది. వెళ్లగక్కిన శిలాద్రవం దాదాపు 2,800 ఘన కిలోమీటర్లని అంచనా. 1815లో అదే దేశంలో టాంబోరా పేలితే, మరుసటి ఏడు యూరప్‌కు వేసవే లేకుండా పోయింది. టోబా ముందు టాంబోరా పసిబిడ్డ. లోపలిదంతా ఎగిరిపోయాక పైకప్పుకు ఆధారం లేకపోయింది. కొండ తన కడుపులోకే కుప్పకూలింది. నూరు కిలోమీటర్ల పొడవు, ముప్పై కిలోమీటర్ల వెడల్పున గొయ్యి పడింది. అందులో నీళ్లు నిండి, 500 మీటర్ల లోతు సరస్సయింది. నడిమధ్య కనిపించే సమోసిర్ దీవి ఆ సరస్సు అడుగే. కింద మిగిలిన శిలాద్రవం దాన్ని పైకెత్తింది.

బూడిద బంగాళాఖాతం దాటి మన దేశం మీద కురిసింది. ఓర్వకల్లు బండల మీదా పడే ఉంటుంది. బోడి రాయి మీద బూడిద ఎన్ని వానలు నిలుస్తుంది? అక్కడినుంచి పాణ్యం మీదుగా బనగానపల్లె వైపు పోతే, జుర్రేరు లోయ మాత్రం దాన్ని దాచుకుంది. జ్వాలాపురం దగ్గర నేరుగా ఆకాశం నుంచి పడ్డది కొద్ది సెంటీమీటర్లే. చుట్టూ ఉన్న వాలుల మీది బూడిదను వాననీళ్లు పల్లానికి తోసుకొచ్చాయి, పొర రెండు మీటర్లు దాటింది. అందులోని గాజు రేణువుల రసాయన కూర్పును సరిపోల్చి అది టోబాదేనని తేల్చారు.

పురావస్తు శాస్త్రవేత్త మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ ఆచార్యుడు రవి కొరిశెట్టర్ బృందం ఇక్కడ తవ్వి 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. పొర కింద రాతి పనిముట్లు, పొర పైనా రాతి పనిముట్లు, పనితనం దాదాపు ఒకటే. టోబా దెబ్బకు మనిషి జాతి అంతరించే అంచుకు పోయిందని వాదించేవాళ్లకు ఈ లోయ అడ్డం తిరిగింది. నా మటుకు నాకు లోయ సాక్ష్యమే బలంగా తోస్తుంది. కొండ చచ్చింది గానీ, ఇక్కడ రాయి చెక్కుకునేవాడు మిగిలాడు.

అసలు ఏడవాల్సింది ఆ తర్వాతి ముచ్చటకు. ఈ బూడిద నిజానికి పగిలిన గాజు. శిలాద్రవంలో బుడగలు పేలినప్పుడు వాటి గోడలు ముక్కలైన సన్నని, పదునైన పలుకులు. అంత సన్నం కాబట్టే సముద్రం దాటి ఎగిరి వచ్చింది. ఆ పదునే దాని ప్రాణం మీదికి తెచ్చింది. గిన్నెలు తోమే పొడికి ఇంతకన్నా మంచి సరుకు ఏముంది? 74 వేల ఏళ్ల ఎండావానలకు చెక్కుచెదరని పొరను పారలతో తవ్వి తరలించారు. దానితోపాటే, ఏ పనిముట్టు ఏ పొరలో ఉందో చెప్పే వరుస కూడా పోయింది. ఒకసారి కలిసిపోయిన పొరల్ని ఏ శాస్త్రవేత్తా మళ్లీ విడదీయలేడు.

కూలివాణ్ణి తప్పుపట్టలేను. బోరు ఎండి, పైరు మాడిన సీమలో పార పట్టుకుంటే ఆ పూటకు దొరికే డబ్బు చిన్నదేం కాదు. తప్పు, ఆ బూడిద గట్టు విలువ తెలిసీ ఊరకున్న మనందరిది. ఏలినవారికి నా మనవి ఒక్కటే: మిగిలిన గట్ల చుట్టూ కంచె వేయించండి, తవ్వే చేతులకే కాపలా జీతం ఇవ్వండి. యాగంటి బసవన్న దర్శనానికి వెళ్లే పాఠకులారా, జ్వాలాపురం పెద్ద చుట్టేమీ కాదు. ఆ పొర ఇంకా కనిపిస్తుండగానే పిల్లలకు చూపించండి.