డిసెంబరు 10: ఒక తేదీ, మూడు ఘట్టములు

పంచాంగమున ఏడాదికొకమారు వచ్చిపోవు ఒక్క తేదీ వేరువేరు దేశముల చరిత్రలను ఒకచోట చేర్చుట కలదు. అట్టి తేదీలలో డిసెంబరు 10 ఒకటి. విజయపురి సౌత్ నుండి కృష్ణవైపు చూచునప్పుడు ఈ తేదీ మనకు మరింత సన్నిహితమగును.

1896 డిసెంబరు 10న ఇటలీలోని సాన్‌రెమోలో ఆల్ఫ్రెడ్ నోబెల్ మరణించెను. కొండరాతిని పగులగొట్టు డైనమైటును కనిపెట్టి ధనము గడించిన ఆ స్వీడను దేశీయుడు, తన ఆస్తిలో అధికభాగమును మానవాళికి మేలుచేయువారి బహుమానములకై వీలునామా వ్రాసి పోయెను. 1901లో తొలి బహుమతులు ఆయన వర్ధంతినాడే ఇయ్యబడినవి.

1948లో అదే తేదీన పారిస్ నగరమున ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ విశ్వమానవ హక్కుల ప్రకటనను ఆమోదించెను. 48 దేశములు అనుకూలముగా వోటు చేసినవి. 8 తటస్థముగా నుండినవి. వ్యతిరేకించినది ఒక్కటియు లేదు. తొలి అధికరణములో 'పురుషులందరు' అని అర్థమిచ్చు మాటకు మారుగా 'మానవులందరు' అను మాట నిలుచుటకు మన హంసా మెహతా కారకురాలు.

ఏడేండ్ల తరువాత, 1955 డిసెంబరు 10న, నాగార్జునసాగర్ ఆనకట్టకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. నాడు కృష్ణకు కుడిగట్టు ఆంధ్రరాష్ట్రము, ఎడమగట్టు హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1న రెండు గట్లును ఒకే రాష్ట్రములోనివాయెను. 2014 జూన్ 2 నుండి మరల రెండు రాష్ట్రములవైనవి.

ఈ మూడు ఘట్టములకు కార్యకారణ సంబంధము లేదు. తేదీ కలియుట యాదృచ్ఛికమే. ఐనను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒకదాని వెలుగులో మరియొకటి తెలియవచ్చును. హక్కుల ప్రకటన 25వ అధికరణము అన్నవస్త్రములతో కూడ గృహమును మానవుని హక్కుగా చెప్పుచున్నది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినప్పుడు, వానకై ఎదురుచూచు మెట్టపొలములకు అన్నము చేరువైనది. కాని ఆ నీటికొరకే లోయలోని పల్లెవాసులు ఇల్లువాకిళ్లు విడువవలసివచ్చెను. ఒకరి అన్నమునకు మరియొకరి గృహము వెలయైనది.

మునిగిన లోయ సామాన్యమైనది కాదు. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అచ్చటనే విలసిల్లినది. 1926లో వెలుగుచూచిన ఆ శిథిలములను 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున పురావస్తుశాఖవారు విరివిగా త్రవ్విరి. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని నాగార్జునకొండ మీదికిని, అనుపునకును తరలించి మరల నిర్మించిరి. నీరు చుట్టుముట్టగా ఆ కొండ ద్వీపమైనది. మునిగిన రాజధాని పేరు మాత్రము విజయపురి సౌత్ అను ఊరిపేరున నేటికిని బ్రతికియున్నది.

లాభము పొందినవాడు లోకమునకు కొంత తిరిగి ఇయ్యవలెనన్నది నోబెల్ వీలునామాలోని భావము. అది నీరు పొందిన నేలకును వర్తించును. ఆనాటి ఇటుకలకు లభించిన శ్రద్ధ ఊరు విడిచిన పల్లెవాసికిని లభించెనా యని ప్రతి డిసెంబరు 10న మనము ప్రశ్నించుకొనవలెను. శంకుస్థాపనను స్మరించునాడే మానవ హక్కులనుగూడ స్మరింపుమని ఆ తేదీయే మనలను హెచ్చరించుచున్నది.